కోత కంటే మత్తు సూదికే ఎక్కువ అల్లాడుతున్నారు: మైనర్ ఓటీలో ఈ నొప్పి తగ్గించేదెలా?

కొండదారి_ఎంవో

అందరికీ నమస్కారం. ఏజెన్సీకి ఆనుకుని ఉన్న ఒక సర్కారు ఆసుపత్రిలో, అంటే సీహెచ్‌సీలో మెడికల్ ఆఫీసర్‌గా చేస్తున్నాను. సర్జన్ పోస్టు ఖాళీ, కాబట్టి మైనర్ ఓటీలో, అంటే చిన్న ఆపరేషన్ల గదిలో, చిన్నాచితకా కోతలన్నీ నా నెత్తినే పడ్డాయి. వీపు మీద సెబేషియస్ సిస్టులు (చర్మం కింద జిడ్డు పేరుకున్న సంచులు), చేతుల మీద కొవ్వు గడ్డలు, పులిపిర్లు, ఆనెకాయలు, లోపలికి పెరిగిన కాలి గోళ్లు, బరువైన కమ్మలు పెట్టి పెట్టి చెవి తమ్మె తెగిపోయి కుట్టించుకోవడానికి వచ్చే ఆడవాళ్లు, ఇవీ మా కేసులు.

కోయడం, కుట్టడం వరకు నాకేం ఇబ్బంది లేదు. ఇబ్బందంతా మత్తు ఇంజెక్షన్ దగ్గరే. సూది లోపలికి వెళ్లి మందు ఎక్కుతుంటే పొలంలో పాము కనిపించినా బెదరని పెద్దాయన కూడా బల్ల అంచు పట్టుకుని "అయ్యో అయ్యో" అంటాడు, రెండు నిమిషాల తర్వాత అదే మనిషి నేను కోస్తుంటే పత్తి రేటు గురించి మాట్లాడతాడు. అంటే మత్తు బాగానే పనిచేస్తోంది, అది ఇచ్చే విధానమే బాగాలేదేమో అని అనుమానం. గోళ్ల కేసులైతే ఒక వేలికి చేయించుకున్నవాళ్లు రెండో వేలికి రానే రావడం లేదు.

మా దగ్గర ఉన్నవి: 2% జైలోకైన్ (లిగ్నోకెయిన్ మత్తుమందు) మామూలుది, అడ్రినలిన్ (రక్తనాళాలను బిగించే మందు) కలిపినది, 5 ఎంఎల్ సిరంజి, 24 లేదా 26 నంబర్ సూది. ఇన్సులిన్ సిరంజిలు షుగరు, బీపీ వాళ్లని చూసే ఎన్‌సీడీ క్లినిక్‌లో ఉంటాయి. ఆమ్లాన్ని తగ్గించే సోడాబైకార్బ్ ఆంపుల్స్ ఎమర్జెన్సీ ట్రేలో ఉంటాయి. పైన రాసే మత్తు క్రీము సప్లైలో లేదు, బయట కొనాలి.

అడగాలనుకున్నది ఏమిటంటే, బైకార్బ్ కలిపితే మంట తగ్గుతుందని చదివాను, మీలో ఎవరైనా రోజూ కలుపుతున్నారా, ఎంత కలుపుతున్నారు? క్రీము నిజంగా పనిచేస్తుందా? ప్రతి పేషెంటుకూ ముందు టెస్ట్ డోస్ (మందు పడుతుందో లేదో చూసే చిన్న సూది) వేయాల్సిందేనా, దానికే సగం మంది భయపడిపోతున్నారు. పిల్లలకి మీరేం చేస్తారు? పెద్ద ఊళ్లో దొరికే పరికరాలు కాకుండా మా ట్రేలో ఉన్నవాటితో అయ్యేవి చెప్పండి.

బెజవాడ_స్కిన్

డీవీఎల్ (చర్మవ్యాధుల పీజీ) చేసి ప్రాక్టీసులో ఉన్నాను, రోజంతా ఇదే పని కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక సంగతి విడదీసి చూడాలి. నొప్పి రెండు రకాలు. సూది చర్మంలోంచి దిగేటప్పుడు ఒకటి, మందు లోపలికి వెళ్తున్నప్పుడు ఇంకొకటి. అందరూ మొదటిదాని గురించే ఆలోచిస్తారు కానీ పేషెంటుని ఏడిపించేది ఎక్కువగా రెండోది. మందు మంట పుట్టించడానికి కారణం దాని ఆమ్లగుణం, చల్లదనం, ఇంకా మనం తోసే వేగం. ఈ మూడూ మన చేతిలోనే ఉన్నాయి.

వేగం గురించి ముందు చెప్తాను, ఎందుకంటే దీనికి పైసా ఖర్చు లేదు. మీ 5 ఎంఎల్ సిరంజి పక్కన పెట్టి మొదటి పోటుకి ఇన్సులిన్ సిరంజి వాడండి. 40 యూనిట్లది అంటే మొత్తం 1 ఎంఎల్, సూది 31 నంబర్, అసలు గుచ్చినట్టే తెలియదు. అంత సన్నటి సూదిలోంచి మీరు తొందరపడి తోద్దామన్నా మందు పోదు, అదే దాని అసలు లాభం. చర్మానికి నిలువుగా, 90 డిగ్రీల్లో గుచ్చండి, ఏటవాలుగా దూరిస్తే దారిలో ఎక్కువ నరాల కొసలు తగులుతాయి. సూది కొవ్వు పొరలోకి దిగగానే కదలకుండా ఆగి 0.2 ఎంఎల్ వదలండి, అక్కడే ఆగండి. పేషెంటుని "మంట తగ్గిందా?" అని అడగండి. తగ్గింది అన్నాకే మిగతాది, అదీ మెల్లగా. అక్కడ చర్మం మొద్దుబారాక 26 నంబర్ సూదితో ఆ మొద్దుబారిన చోటు అంచులోంచే లోపలికి వెళ్లి ముందుకు సాగండి. మందు ముందు, సూది వెనక. మందు ఉబ్బు కనీసం అర సెంటీమీటరు ముందు నడవాలి, దాని వెనకే సూది వెళ్లాలి. కొత్త పోటు ఎప్పుడూ మత్తు ఎక్కిన చోటే పడాలి, పచ్చి చర్మం మీద కాదు.

చర్మం పైపొరలో బుడగ లేపడం అని హౌస్ సర్జన్సీలో నేర్పిస్తారు కదా, అది కళ్లకి ఇంపుగా ఉంటుంది కానీ నొప్పి ఎక్కువ. ముందు చర్మం కిందికి వెళ్లి ఇస్తే మత్తు ఎక్కడం ఒక నిమిషం ఆలస్యమవుతుంది, మంట మాత్రం బాగా తక్కువ. పైపొర మందం కావాల్సిన షేవ్ ఎక్సిషన్ (చర్మం పైనుంచి పలుచగా చెక్కి తీయడం) లాంటి కేసుల్లో తర్వాత పైకి రావచ్చు, అప్పటికి పేషెంటుకి నొప్పి తెలియదు.

ఇక బైకార్బ్. మనం వాడే లిగ్నోకెయిన్ హైడ్రోక్లోరైడ్ ఉప్పు రూపంలో ఉంటుంది, సీసాలో చెడిపోకుండా ఉండాలంటే ఆమ్లంగానే ఉంచాలి. అడ్రినలిన్ కలిపినదైతే ఇంకా ఎక్కువ ఆమ్లం, ఎందుకంటే అడ్రినలిన్ మామూలు పీహెచ్‌లో త్వరగా పాడవుతుంది. ఆ సీసా పీహెచ్ 4 చుట్టుపక్కల ఉంటుంది, శరీరంలో 7.4. అంటే ఆమ్లగుణం వెయ్యి రెట్లకు పైగా ఎక్కువ. మండదా మరి? 10 ఎంఎల్ 1% లిగ్నోకెయిన్‌కి 1 ఎంఎల్ సోడాబైకార్బ్ కలపండి, 8.4% అయినా మనకి ఎక్కువగా దొరికే 7.5% అయినా పెద్ద తేడా లేదు. మీ దగ్గర 2% ఉంది కాబట్టి 5 ఎంఎల్ తీసుకుని 5 ఎంఎల్ నార్మల్ సెలైన్ కలిపితే 1% అవుతుంది. చర్మం పనికి 1% సరిపోతుంది, పైగా ఒకే మోతాదులో రెట్టింపు చోటు తడుస్తుంది. మంట తగ్గడమే కాదు, బైకార్బ్ వల్ల మందు నరంలోకి చొరబడగలిగే రూపంలోకి ఎక్కువగా మారుతుంది కాబట్టి మత్తు కూడా కాస్త తొందరగా ఎక్కుతుంది. ఇది పాత విషయమే, 2010లో, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ వాళ్లు పరిశోధనలన్నీ కలిపి చూసి బైకార్బ్ కలిపితే నొప్పి తగ్గుతుందనే తేల్చారు.

ఎప్పటికప్పుడు కలిపి వాడేయాలి. పొద్దున్నే కలిపి సాయంత్రం దాకా ఉంచితే అడ్రినలిన్ బలం పోతుంది. విరిచిన ఆంపుల్‌లో మిగిలింది దాచకండి.

చల్లదనం గురించి ఒక్క మాట. అడ్రినలిన్ జైలోకైన్‌ని మనవాళ్లు ఫ్రిజ్‌లో పెడతారు, సిస్టర్ అందులోంచి తీసి నేరుగా మన చేతికి ఇస్తుంది. ఆ చల్లటి మందు ఒంట్లోకి వెళ్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఓపీ మొదలయ్యే ముందే కావాల్సింది బయట పెట్టించండి, నింపిన సిరంజిని కాసేపు గుప్పిట్లో పట్టుకోండి. 37 డిగ్రీల దగ్గరికి తెచ్చి, బైకార్బ్ కూడా కలిపితే ఒక్కొక్కటి విడిగా చేసినదానికంటే ఎక్కువ తేడా కనిపిస్తుంది.

ఓటీ_సిస్టర్

సార్, నేను స్టాఫ్ నర్సుని, డాక్టర్ని కాదు. కానీ బల్ల పక్కన నిలబడి పేషెంటు మొహం చూసేది మేమే కాబట్టి రాస్తున్నాను. బెజవాడ సార్ మందు గురించి అన్నీ చెప్పారు, మనిషి గురించి నేను చెప్తాను.

మొదటిది, కూర్చోబెట్టి సూది వేయకండి. చెయ్యి మీదైనా, చెవి మీదైనా సరే పడుకోబెట్టే వేయాలి. కళ్లు తిరిగి పడిపోయేవాళ్లు దాదాపు అందరూ కూర్చున్నవాళ్లే. మనవాళ్లకి ఆపరేషన్ అంటే ఏమీ తినకూడదని ఒక నమ్మకం, ముందురోజు రాత్రి నుంచి పస్తులుండి వస్తారు. చిన్న మత్తుకి పస్తు అక్కర్లేదు, ఇడ్లీ తిని రమ్మని ఓపీ చీటీ మీదే రాయండి సార్.

రెండోది, ట్రే. కత్తెరలు, ఫోర్సెప్స్, బ్లేడు అన్నీ పేషెంటు కళ్లెదురుగా టకటకా పేరుస్తాం. ఆ చప్పుడుకే వాళ్లకి చెమటలు పడతాయి. తల వెనక్కి పెట్టుకుంటే పోయేదేముంది? సిరంజిలో మందు ఎక్కించడం కూడా వాళ్లకి కనపడకుండా చేస్తాం మేము. ఎక్కించిన సూదితోనే గుచ్చొద్దు, సీసా రబ్బరులోంచి వెళ్లొచ్చిన సూది మొన మొద్దుబారుతుంది. సూది మార్చాల్సిందే. ఇన్సులిన్ సిరంజికి సూది ఊడిరాదు కాబట్టి మేము పెద్ద సిరంజిలో మందు తీసుకుని, ఇన్సులిన్ సిరంజి పిస్టన్ బయటికి లాగి వెనకనుంచి నింపుతాం. కాస్త చేయి తిరగాలి, స్టెరైల్‌గా చేయాలి, గాలి బయటికి పంపేయాలి.

స్పిరిట్ రాసి అది ఆరకముందే గుచ్చితే అదో మంట. ఆరనివ్వండి.

మూడోది చాలామంది డాక్టర్లకి నచ్చదు కానీ చెప్తాను. "ఏం కాదమ్మా, చీమ కుట్టినట్టు ఉంటుంది" అని చెప్పి పొడవకండి. చీమ కుట్టినట్టు లేకపోతే ఆ తర్వాత మీరేం చెప్పినా నమ్మరు. "ఇప్పుడు చిన్న పోటు, ఆ తర్వాత ఒక పది సెకన్లు మంట, అది పోయాక ఇంక నొప్పి ఉండదు, కానీ లాగుతున్నట్టు, నొక్కుతున్నట్టు తెలుస్తుంది, దానికి భయపడొద్దు" అని చెప్తే సరిపోతుంది. ఈ ఆఖరి ముక్క ముఖ్యం. మత్తు ఎక్కాక కూడా చెయ్యి తగిలినట్టు తెలుస్తుంది కదా, దాన్నే నొప్పి అనుకుని కంగారుపడతారు. ఇక మంట ఉన్నంతసేపూ ఏదో ఒకటి అడుగుతూ ఉంటాను. ఏ ఊరు, ఎంతమంది పిల్లలు, ఏం పంట. జవాబు చెప్పాల్సిన ప్రశ్న అడగాలి, ఊరికే "భయపడకండి" అంటే లాభం లేదు.

సూది వేసే చోటు పక్కన చర్మాన్ని వేళ్లతో గట్టిగా గిల్లి పట్టుకుని ఉంటాను. లేదా పక్కన వేలితో గబగబా తడతాను. ఎందుకు పనిచేస్తుందో నాకు తెలియదు, పనిచేస్తుంది.

బెజవాడ_స్కిన్

సిస్టర్ గారూ, మీరు రాసినవే మా పీజీలకి ముందు నేర్పాలి. గిల్లడం ఎందుకు పనిచేస్తుందంటే, స్పర్శ, కదలిక మోసుకెళ్లే మందపాటి నరాలు నొప్పి మోసుకెళ్లే సన్నటి నరాల కబురుని వెన్నుపాము దగ్గరే తగ్గించేస్తాయి. మెల్జాక్, వాల్ అనే ఇద్దరు 1965లో చెప్పిన గేట్ సిద్ధాంతం ఇదే. దీనికోసం కదిలే చిన్న మెషీన్లు కూడా అమ్ముతున్నారు, నేనొకటి కొన్నాను, బాగానే పనిచేస్తుంది, కానీ సిస్టర్ వేళ్లకంటే గొప్పగా ఏమీ లేదు.

ఐస్ కూడా వాడొచ్చు, గ్లవ్‌లో ఐసు ముక్క వేసి ముడి కట్టి ఒక నిమిషం పెడితే పోటు తెలియదు. చల్లబరిచే స్ప్రేలు మాత్రం కాటరీ (కరెంటుతో కాల్చే పరికరం) వాడే గదిలో వద్దు, ఇథైల్ క్లోరైడ్ అంటుకుంటుంది.

పాత_సర్జన్

చదువుతుంటే ముచ్చటగా ఉంది కానీ ఇదంతా రోజుకి నాలుగు కేసులు చేసుకునే ప్రైవేటు క్లినిక్ వ్యవహారం. సర్కారు ఆసుపత్రిలో మైనర్ ఓటీ బయట బెంచీ నిండా జనం కూర్చుని ఉంటారు, ఒక్కొక్కళ్లకి 0.2 ఎంఎల్ వేసి ఆగి, మాటలు చెప్పి, మళ్లీ ఆగి, ఎక్కడవుతుంది బాబూ? సూది నొప్పి అర నిమిషం. దానికి బైకార్బ్‌లు, గుప్పిట్లో వెచ్చబెట్టడాలు, ఇవన్నీ అవసరమా? మా రోజుల్లో ఇచ్చేవాళ్లం, జనం ఓర్చుకునేవాళ్లు, గడ్డ పోయేది, దండం పెట్టి వెళ్లేవాళ్లు. ఎంవో గారు కొత్తవాళ్లు కాబట్టి మనసు మెత్తగా ఉంది. కొన్నాళ్లు పోతే అలవాటవుతుంది.

గడ్డల_మనిషి

పాత సర్జన్ గారూ, ఆ బెంచీ మీద కూర్చునేవాణ్ణి నేను. డాక్టర్ల మధ్య దూరుతున్నందుకు ఏమనుకోకండి.

నాకు రెండు చేతులకీ, పొట్టకీ, నడుముకీ కొవ్వు గడ్డలు, మా నాన్నకీ ఉన్నాయి, మా బాబాయికీ ఉన్నాయి. ప్రమాదం లేదు, వదిలేయమంటారు, కానీ బెల్టు దగ్గర రాసుకునేవి, మోచేతి దగ్గర నొప్పి పెట్టేవి తీయించుకోక తప్పదు. అలా ఒకటికి రెండు చోట్ల చేయించుకున్నాను. ఒక చోట డాక్టరుగారు ఫోన్ మాట్లాడుతూ వచ్చి, ఎక్కడో కూడా చెప్పకుండా సిరంజి మొత్తం ఒక్క తోపులో తోసేశారు. గడ్డ మొత్తం లోపల్నుంచి ఉబ్బి చిట్లిపోతుందేమో అనిపించింది. మంట మోచేయి దాకా పాకింది. చెయ్యి వెనక్కి లాక్కుంటే "కదలొద్దని చెప్పానా" అని కసిరారు. చెప్పలేదు, నిజానికి. ఇంకోచోట మేడమ్ గారు సన్న సూదితో ఒక చుక్క వేసి, ఆగి, నా మొహం చూశారు. నేను తలూపాక ఇంకొంచెం వేశారు. మొత్తం కలిపి రెండు మూడు నిమిషాలు పట్టి ఉంటుంది. ఎక్కువ నొప్పి ఎక్కడ అని అడిగితే ఏమని చెప్పాలో తెలియనంత తక్కువ.

ఓర్చుకున్నామంటే నొప్పి లేదని కాదు సార్, మీతో చెప్పే ధైర్యం లేక. మొదటి చోటు తర్వాత నడుము దగ్గర గడ్డ పెద్దదయ్యేదాకా నేను ఏ ఆసుపత్రికీ వెళ్లలేదు. చిన్నగా ఉన్నప్పుడే తీస్తే చిన్న కోతతో పోయేదని మేడమ్ గారు అన్నారు.

బెజవాడ_స్కిన్

పాత సర్జన్ గారికి, మీ టైమ్ బాధ నాకూ తెలుసు, పీజీలో సర్కారు ఓపీలోనే పెరిగాను. కానీ టైమ్ వేరే దారిలో దొరుకుతుంది. ఒకరికి మత్తు ఇచ్చి, వెంటనే కోసి, కుట్టి, తర్వాతివాళ్లని పిలవడం మన అలవాటు. అలాకాక వరసగా ముగ్గురికి మత్తు ఇచ్చేసి మొదటాయన దగ్గరికి తిరిగి రండి. ఎవరి సిరంజి వారికే, ఎవరి పేరు వారిదానికే రాసి ఉండాలి, అంతే. ఇలా చేస్తే మెల్లగా వేసిన రెండు నిమిషాలూ తిరిగొచ్చేస్తాయి, పైగా అడ్రినలిన్‌కి పనిచేసే వ్యవధి దొరుకుతుంది. 7 నుంచి 10 నిమిషాలు ఆగితే చాలని మనం చదువుకున్నాం కానీ, మెలకువగా ఉంచి చేతి ఆపరేషన్లు చేసే వాళ్లు కొలిచి చూస్తే రక్తస్రావం బాగా తగ్గడానికి 25 నిమిషాల దాకా పడుతోంది. రక్తం తక్కువ కారితే మీ కోత, కుట్టు తొందరగా అవుతాయి. పేషెంటు మీద దయతో చేయకపోయినా మీ సౌకర్యం కోసమైనా చేయొచ్చు.

ఎంవో గారు క్రీము గురించి అడిగారు. లిగ్నోకెయిన్, ప్రిలోకెయిన్ చెరి 2.5% ఉండే క్రీము, ప్రిలాక్స్ లాంటి పేర్లతో దొరుకుతుంది. పనిచేస్తుంది, కానీ మనవాళ్లు వాడే తీరులో పనిచేయదు. ఫెయిర్‌నెస్ క్రీములా రుద్ది పది నిమిషాలకి తుడిచేస్తే డబ్బు దండగ. మందంగా, రుద్దకుండా పెట్టి, పైన ప్లాస్టిక్ పొర కప్పి టేప్ వేసి కనీసం గంట ఉంచాలి. గంటకి 3 మిల్లీమీటర్లు, రెండు గంటలకి 5 మిల్లీమీటర్ల లోతు దాకా మత్తు దిగుతుంది. అంటే సూది పోటు తెలియదు, కింద మందు మంట కొంత తెలుస్తుంది. చిన్న పులిపిర్లు కాల్చడానికి అదొక్కటే సరిపోవచ్చు. అరచేయి, అరికాలు మీద చర్మం మందం కాబట్టి పెద్దగా లాభం ఉండదు. రాసిన చోటు తెల్లబడి చిన్న మచ్చ కనిపించకుండా పోవచ్చు, ముందే పెన్నుతో గుర్తు పెట్టుకోండి.

ఒక జాగ్రత్త, మీది ఏజెన్సీ దగ్గర అన్నారు కాబట్టి మరీ చెప్తున్నాను. ఈ క్రీములోని ప్రిలోకెయిన్ రక్తంలో మెథహీమోగ్లోబిన్ (ఆక్సిజన్ మోయలేని హీమోగ్లోబిన్) పెంచగలదు. కుష్టుకి ఎండీటీ (పలు మందుల) కోర్సులో ఉన్నవాళ్లు డాప్సోన్ వేసుకుంటుంటారు, మలేరియాకి ప్రైమాక్విన్ వేసుకున్నవాళ్లు ఉంటారు, ఈ రెండూ అదే పని చేస్తాయి. అలాంటివాళ్లకి, ముఖ్యంగా ఏడాదిలోపు పసిపిల్లలకి, క్రీము వద్దు. ఏం మందులు వేసుకుంటున్నారో అడగండి, మాత్రల అట్ట చూపించమనండి.

మత్తు_డాక్టర్

అనస్థీషియా తరఫున నాలుగు ముక్కలు.

మోతాదు. మామూలు లిగ్నోకెయిన్ కిలోకి 4.5 మిల్లీగ్రాములు, మొత్తం 300 దాటకూడదు. అడ్రినలిన్‌తో అయితే కిలోకి 7, మొత్తం 500. 2% అంటే ఎంఎల్‌కి 20 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి మామూలుది 13.5 ఎంఎల్, అడ్రినలిన్‌ది 21 ఎంఎల్. పెద్దవాళ్లకి ఇది చాలా ఎక్కువే, కానీ 15 కిలోల పిల్లాడికి మామూలు 2% అయితే 3.3 ఎంఎల్ దగ్గరే గీత. పిల్లలకి తప్పకుండా పలుచన చేసి వాడండి. గుచ్చాక వెనక్కి లాగి రక్తం వస్తోందో చూడండి. నోటి చుట్టూ తిమ్మిరి, నాలుక మొద్దుబారడం, చెవుల్లో హోరు, నోట్లో ఇనుము రుచి అంటే వెంటనే ఆపేయాలి, తర్వాత వచ్చేది ఫిట్స్. దానికి విరుగుడుగా వాడే 20% లిపిడ్ ఎమల్షన్ (కొవ్వు ద్రావణం) ఎక్కడుందో ముందే తెలిసి ఉండాలి.

బైకార్బ్ లిగ్నోకెయిన్‌తో బాగా కలుస్తుంది. అదే లెక్కలో ఇంకో మత్తుమందు అయిన బుపివకెయిన్‌లో కలిపితే తెల్లగా విరిగి గసి కడుతుంది. సీసా పేరు చదివి కలపండి. దేన్లో కలిపినా సరే, మందు మసకగా కనిపిస్తే పారబోయండి.

టెస్ట్ డోస్. నా అభిప్రాయం సూటిగా చెప్తాను, ఇంతకుముందు ఏ ఇబ్బందీ లేని మనిషికి ముంజేతి మీద పైపొరలో టెస్ట్ డోస్ వేయడం వల్ల తేలేది పెద్దగా లేదు, అదనంగా ఒక నొప్పి తప్ప. లిగ్నోకెయిన్ తరగతి మందులకి నిజమైన అలర్జీ చాలా అరుదు. దానికంటే "ఇదివరకు పన్ను పీకించుకున్నారా, అప్పుడు మత్తు సూది వేశారా, ఏమైనా అయిందా" అని అడగండి, జవాబులో చాలా సమాచారం ఉంటుంది. "జైలోకైన్ పడదు" అని చీటీ మీద రాయించుకుని తిరిగే వాళ్లలో ఎక్కువమంది భయంతో కళ్లు తిరిగి పడినవాళ్లు, లేదంటే అడ్రినలిన్‌కి గుండె దడ వచ్చినవాళ్లు. కళ్లు తిరిగినప్పుడు నాడి నెమ్మదిస్తుంది, మొహం పాలిపోతుంది, కాళ్లు పైకెత్తితే తేరుకుంటారు. నిజం అలర్జీలో దద్దుర్లు, మొహం వాపు, ఆయాసం, నాడి వేగం. తేడా రాసి పెట్టండి, ఆ చీటీ మనిషిని జీవితాంతం వెంటాడుతుంది. మీ ఆసుపత్రిలో టెస్ట్ డోస్ తప్పనిసరి అన్న రూలుంటే మీరొక్కరే ఎదురు తిరగొద్దు, ఇన్సులిన్ సూదితో వేయండి, సూపరింటెండెంట్‌తో తర్వాత మాట్లాడండి. నిజంగా అలర్జీ చరిత్ర ఉన్నవాళ్లని మాత్రం మీ స్థాయిలో పరీక్షించకుండా పెద్దాసుపత్రికి పంపండి.

ఇంకోటి, చీము పట్టిన సెగ్గడ్డ. దానిమీద ఎంత మందు పోసినా మత్తు సరిగా ఎక్కదు, అక్కడి కణజాలమే ఆమ్లంగా ఉంటుంది. ఉబ్బిన గడ్డలోకి ఇంకా మందు తోస్తే నరకం. దూరంగా, ఎర్రదనం బయట, చుట్టూ వలయంలా ఇవ్వండి. అయినా పూర్తిగా ఆగకపోవచ్చని పేషెంటుకి ముందే చెప్పండి.

కొండదారి_ఎంవో

ఇంత వివరంగా రాస్తారనుకోలేదు, అందరికీ థాంక్స్. ఈరోజు ఒక సిస్ట్ కేసుకి ఇన్సులిన్ సిరంజి, బైకార్బ్, వెచ్చబెట్టిన మందు అన్నీ చేశాను. పేషెంటు "ఇంకా సూది వేయలేదా" అని అడిగాడు. ఒక్క కేసుతో ఏం చెప్పలేను కానీ మా సిస్టర్ నావైపు అదోలా చూసింది.

పాత సర్జన్ గారూ, కోపం లేదు. మీరన్న రద్దీ నిజమే, ముగ్గురికి వరసగా ఇచ్చే పద్ధతి రేపటి నుంచి చూస్తాను.

ఇంకా మూడు మిగిలాయి. అరికాలి ఆనెకాయలు, పులిపిర్లు, అక్కడ ఎంత మెల్లగా వేసినా చర్మం సాగదు కాబట్టి అరుస్తున్నారు. కాలి బొటనవేలు గోరు. చిన్నపిల్లలు.

బెజవాడ_స్కిన్

అరికాలికి నేరుగా గుచ్చొద్దు, అసలు వీలైతే కోయనే వద్దు. అరికాలి పులిపిర్లకి సాలిసిలిక్ యాసిడ్ ప్లాస్టర్లు వాడించండి, నెలలు పడుతుంది, ఓపిక చెప్పండి. అరికాలి మీద కోత మచ్చ పడితే నడిచినప్పుడల్లా నొప్పే, చాలామందికి అది మొదటి జబ్బు కంటే బాధ. ఆనెకాయ అయితే ముందు చెప్పులు మార్పించి, పైన గట్టిపడినది బ్లేడుతో చెక్కండి, దానికి మత్తే అక్కర్లేదు. తప్పనిసరిగా కోయాల్సి వస్తే లోపలి చీలమండ వెనక పోస్టీరియర్ టిబియల్ నరానికి బ్లాక్ (ఆ నరాన్నే మొద్దుబార్చే సూది) ఇవ్వండి. అక్కడ ధమని కొట్టుకోవడం వేలికి తెలుస్తుంది, నరం దాని వెనకే ఉంటుంది. పదిహేను నిమిషాలు ఆగాలి. చర్మం పలుచన కాబట్టి అక్కడ పోటు తెలియదు, అరికాలు చాలావరకు మొద్దుబారుతుంది, బయటి అంచుకి సూరల్ నరం కూడా కావాలి. చేయడం రాకపోతే ఒకసారి జిల్లా ఆసుపత్రిలో అనస్థీషియా వాళ్ల దగ్గర చూసి నేర్చుకోండి, పుస్తకం చూసి మొదలుపెట్టకండి.

బొటనవేలికి పక్క కండలోకి కాదు, వేలి మొదట్లో పైవైపు నుంచి, పలుచటి చర్మంలోంచి రెండు వైపులా మెల్లగా. గోరు చుట్టూ చీము పట్టి ఉంటే దాని దగ్గరికి వెళ్లనే వెళ్లొద్దు. పదినిమిషాలు ఆగి గోరంచుని ఫోర్సెప్స్‌తో గిల్లి చూసి, ఏమీ తెలియట్లేదన్నాకే మొదలుపెట్టండి.

చెవి తమ్మెకి ఇన్సులిన్ సూదితో వెనకవైపు నుంచి ఇవ్వండి.

ఓటీ_సిస్టర్

పిల్లల సంగతి నేను చెప్తాను సార్. అమ్మ ఒళ్లో కూర్చోబెట్టడానికి వీలున్న చోటైతే అలాగే చేయండి, బల్ల మీద నలుగురు పట్టుకుని అదిమితే ఆ భయం పోదు, తర్వాత పోలియో చుక్కలకి కూడా రారు. క్రీము బయట కొని తెచ్చుకోగలిగితే ఇంటి దగ్గరే గంట ముందు రాసి ప్లాస్టిక్ కప్పి తీసుకురమ్మనండి, ఎక్కడ రాయాలో ముందురోజే పెన్నుతో గుర్తు పెట్టి పంపండి, లేకపోతే పక్క చోట రాసుకుని వస్తారు. ఫోన్‌లో కార్టూన్ పెట్టడం, బుడగలు ఊదించడం, ఇవన్నీ ఊదేటప్పుడే సూది వేయాలి, అయిపోయాక కాదు. అమ్మానాన్నలకి ఒక మాట గట్టిగా చెప్పండి, "అల్లరి చేస్తే డాక్టరుతో సూది వేయిస్తా" అని ఇంట్లో బెదిరించొద్దని. ఆ బెదిరింపుకి మనం ఓటీలో ఎంత చేసినా విరుగుడు ఉండదు.

మెలితిరిగిపోయే పిల్లాడికి, అత్యవసరం కాని పులిపిరి అయితే, ఆ రోజుకి వద్దని పంపేయండి సార్. మళ్లీ వస్తారు.

పాత_సర్జన్

బాబూ ఎంవో, ఆ బైకార్బ్ లెక్క 2% సీసాకి నేరుగా కలపొచ్చా, సెలైన్‌తో పలుచన చేసే కలపాలా? మా మైనర్ ఓటీ సిస్టర్ అడుగుతోంది.

బెజవాడ_స్కిన్

2%లో నేరుగా కలిపినా అదే 10కి 1 లెక్క సార్. పలుచన చేస్తే మోతాదు కలిసొస్తుంది కాబట్టి నేనైతే అలా చేస్తాను. సీసాలో మాత్రం కలపొద్దని సిస్టర్‌కి చెప్పండి, సిరంజిలోనే, వేసే ముందే.